ఎడ్మండ్ పారిస్ (ఫ్రెంచి నౌకాధికారి)

ఫ్రాంస్వా ఎడ్మండ్ పారిస్ (మార్చి 2, 1806 – ఏప్రిల్ 8, 1893) ఫ్రాన్సు దేశపు నౌకాధికారి, చిత్రకారుడు, నౌకా నిర్మాణ శాస్త్రంలో పండితుడు. ఫ్రెంచి నౌకాదళంలో వైస్ అడ్మిరల్ పదవి వరకు ఎదిగాడు. లూవ్ర్ రాజప్రాసాదంలో ఉండిన నౌకా ప్రదర్శనశాలకు 1871 నుండి మరణించే వరకు అధిపతిగా పనిచేశాడు. ప్రపంచంలోని వివిధ జాతుల సంప్రదాయ పడవలను కొలిచి, గీసి, వాటి కొయ్య నమూనాలను చేయించి భద్రపరచినవారిలో ఇతడు ప్రథముడు. అందుచేత ఇతనిని నౌకా జాతిశాస్త్రానికి ఆద్యునిగా పరిగణిస్తారు. తెరచాపల యుద్ధనౌకల నమూనాలను చేసేవారు ఇతడు ప్రచురించిన పటాలను ఇప్పటికీ ఉపయోగిస్తున్నారు.

ఇతనికి తెలుగు తీరంతో కూడా సంబంధం ఉన్నది. 1830లో మచిలీపట్నం, యానాం, కోరంగి ప్రాంతాలకు వచ్చిన ఫ్రెంచి నౌకలో ఇతడు అధికారిగా ఉన్నాడు. కోరమాండల్ తీరపు పడవలను గురించి ఇతడు గీసిన పటాలు, ఆవిరి ఓడలు రాకముందటి మన పడవల ఆకృతిని కొలతలతో సహా తెలిపే అరుదైన ఆధారాలలో చేరుతాయి.

(గమనిక: ఇతని ఇంటిపేరు, ఫ్రాన్సు రాజధాని పేరు తెలుగులో ఒకే విధంగా వ్రాయబడతాయి. ఈ వ్యాసంలో వ్యక్తిని ఎడ్మండ్ పారిస్ అనీ, నగరాన్ని పారిస్ నగరం అనీ వ్రాయడం జరిగింది.)

బాల్యం, విద్య

ఎడ్మండ్ పారిస్ 1806 మార్చి 2న పారిస్ నగరంలో జన్మించాడు. అది నెపోలియన్ చక్రవర్తి పాలనా కాలం. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1805 అక్టోబరులో, ట్రఫాల్గర్ వద్ద ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలు ఇంగ్లీషువారి చేతిలో ఓడిపోయాయి. నెపోలియన్ పతనం తరువాత ఫ్రాన్సు తన నౌకాదళాన్ని మరల నిర్మించుకునే ప్రయత్నంలో భాగంగా అంగులేమ్ పట్టణంలో నౌకా కళాశాలను నెలకొల్పింది. సముద్రానికి దూరంగా, దేశం లోపల ఉన్న పట్టణంలో నావికులకు చదువు చెప్పడం అప్పట్లోనే విమర్శలకు గురయ్యింది. ఎడ్మండ్ పారిస్ 1820లో ఆ కళాశాలలో చేరి, గణితం, నౌకాయానంతో పాటు చిత్రలేఖనం కూడా నేర్చుకొన్నాడు. ఛాయాచిత్రం ఇంకా పుట్టని ఆ రోజులలో తీరరేఖలను, రేవులను, కోటలను చూచినది చూచినట్లుగా గీయగలగడం నౌకాధికారికి తప్పనిసరి విద్య. ఈ విద్యయే తరువాత ఇతని కీర్తికి మూలమయ్యింది.

మూడు భూప్రదక్షిణలు

ఎడ్మండ్ పారిస్ తన యౌవనంలో మూడుసార్లు ప్రపంచాన్ని చుట్టి వచ్చాడు. ఈ మూడు యాత్రలూ తెరచాప ఓడల మీదనే జరిగాయి.

మొదటి యాత్ర (1826–1829): ద్యుమాఁ దుర్విల్ నాయకత్వంలో బయలుదేరిన 'ఆస్త్రొలాబ్' నౌకలో ఇతడు చిన్న అధికారిగా ఉన్నాడు. పసిఫిక్ మహాసముద్ర దీవులను, న్యూజిలాండ్, న్యూగినీ తీరాలను సర్వే చేయడం ఈ యాత్ర ఉద్దేశం. 1788 తరువాత ఆచూకీ లేకుండా పోయిన లాపెరూజ్ నౌకల అవశేషాలను 1828లో ఈ బృందం వనికోరో దీవి వద్ద పరిశీలించింది. ఓడ మునిగిపోతే దానితో పాటు దానిని గురించిన జ్ఞానమంతా ఏ విధంగా మాయమవుతుందో ఇరవై రెండేళ్ళ ఆ యువకునికి కళ్ళారా చూచే అవకాశం అక్కడ కలిగింది.

రెండవ యాత్ర (1829–1832): లాప్లాస్ నాయకత్వంలోని 'ఫావొరీట్' నౌకలో ఇతడు బంగాళాఖాతం, ఆగ్నేయాసియా, చైనా సముద్రం, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల మీదుగా ప్రయాణించాడు. ఈ యాత్రలోనే ఇతడు తెలుగు తీరానికి వచ్చాడు.

మూడవ యాత్ర (1837–1840): మరల లాప్లాస్ నాయకత్వంలోనే 'ఆర్తెమీజ్' అనే పెద్ద యుద్ధనౌకలో బయలుదేరాడు. హిందూ మహాసముద్రంలో భారతదేశపు రేవులనే గాక అరబ్బు రేవులను కూడా చూచి అక్కడి ఓడలను పరిశీలించాడు. 1839లో తాహితీ దీవి వద్ద ఈ నౌక సముద్రంలోని పగడపు దిబ్బలకు తగిలి తీవ్రంగా దెబ్బతిన్నది. దానిని అక్కడే మరమ్మత్తు చేసుకొని తిరుగు ప్రయాణం సాగించారు.

చేయి కోల్పోవడం

'ఆర్తెమీజ్' పుదుచ్చేరిలో ఆగినప్పుడు ఎడ్మండ్ పారిస్ జీవితంలో పెద్ద ప్రమాదం జరిగింది. అక్కడ ఒక కర్మాగారంలోని యంత్రాన్ని చూస్తుండగా అతని ఎడమ చేయి పళ్ళచక్రాల మధ్య చిక్కుకొన్నది. చేతిని తీసివేయవలసి వచ్చింది. అప్పటికి అతని వయస్సు ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు.

నావికునికి చేయి లేకపోవడం సామాన్యమైన లోటు కాదు. కాని కుడి చేయి మిగిలినందున ఇతడు గీయడం మానలేదు, ఉద్యోగం విడువలేదు. తనను వికలాంగుని చేసిన యంత్రాల మీద ద్వేషం పెంచుకోవడానికి బదులు, ఆ తరువాతి ఇరవై సంవత్సరాలలో ఫ్రెంచి నౌకాదళంలో ఆవిరి యంత్రాలను గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవారిలో ఒకడయ్యాడు.

తెలుగు తీరంలో

1830లో 'ఫావొరీట్' నౌక పుదుచ్చేరి, మద్రాసుల నుండి ఉత్తరంగా బయలుదేరి మచిలీపట్నం, యానాం, కోరంగి ప్రాంతాలకు వచ్చింది. యానాం అప్పుడు ఫ్రెంచివారి స్థావరం. దానికి దగ్గరలోనే గోదావరి పాయ సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి ఆ రోజులలో పేరుపొందిన ఓడరేవు, ఓడలు కట్టే, మరమ్మత్తు చేసే కేంద్రం. 1802లోనే అక్కడ ఓడలను మరమ్మత్తు చేయడానికి ఒక డాక్ నిర్మించబడింది. ఇక్కడి ఓడలు కలకత్తా, బర్మా, సింహళ దేశాల వరకు సరుకులు మోసేవి. బర్మాకు వెళ్ళిన తెలుగువారినందరినీ అక్కడ 'కోరంగీలు' అని పిలవడాన్ని బట్టి ఈ రేవు ఎంత ప్రసిద్ధమో ఊహించవచ్చును.

కోరమాండల్ తీరంలో ఎడ్మండ్ పారిస్‌ను ముఖ్యంగా ఆకర్షించినవి మూడు రకాల పడవలు.

తెప్ప: కొన్ని దుంగలను ప్రక్క ప్రక్కన చేర్చి తాళ్ళతో కట్టినది. దీనిని తమిళులు కట్టుమరం అంటారు. ఇంగ్లీషువారి 'కెటమరాన్' అనే మాట దీని నుండే వచ్చింది. అల దీనిపై నుండి పొర్లిపోతుందే కాని దీనిని ముంచలేదు.

మసులా పడవ: ఫ్రెంచివారు దీనిని 'షెలింగ్' అనేవారు. దీని పలకలను ఇనుప మేకులతో కొట్టరు. కొబ్బరి పీచు తాడుతో కుట్టుతారు. ఓడ లంగరు వేసిన చోటు నుండి ఒడ్డుకు మనుషులను, సరుకులను చేర్చడానికి ఇది ఉపయోగపడేది. ఈ తీరంలో ఒడ్డున విరిగే అలలు చాలా ఉద్ధృతంగా ఉంటాయి. మేకులతో బిగించిన ఐరోపా పడవ ఇసుక మీద ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటే పలకలు విరిగిపోతాయి. కుట్టిన పడవ మాత్రం దెబ్బకు కొంచెం వంగి, మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. నీరు కొంత లోపలికి ఊరినా తోడిపోసుకోవచ్చును.

దోనె: ఐరోపావారు 'దోనీ' అని వ్రాసినది ఇదే. సరుకులు వేసుకొని తీరం వెంట ప్రయాణించే తెరచాప ఓడ. లోతు తక్కువగా ఉన్న రేవులలోకి, నదుల మొగలలోకి ప్రవేశించడానికి వీలుగా దీని అడుగు భాగం అమరి ఉంటుంది.

ఇతడు ఈ తీరానికి వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1839 నవంబరులో, కోరంగిని పెద్ద తుఫాను, ఉప్పెన ముంచెత్తాయి. ఎన్నో ఓడలు, ఇళ్ళు నాశనమయ్యాయి. అంతకు అర్ధశతాబ్దం ముందు, 1789లో కూడా ఇటువంటి విపత్తే సంభవించింది. దీనికి తోడు నది తెచ్చే ఒండ్రుమట్టితో రేవు పూడిపోగా, వ్యాపారం క్రమంగా కాకినాడకు తరలిపోయింది.

పడవలను కొలిచే పద్ధతి

విదేశీ పడవల బొమ్మలు వేసిన యాత్రికులు ఎడ్మండ్ పారిస్‌కు ముందు కూడా ఉన్నారు. వారికి, ఇతనికి గల భేదం ఒక్కటే. వారు వేసినవి చూడముచ్చటైన బొమ్మలు. ఇతడు గీసినవి మరల కట్టుకోవడానికి పనికివచ్చే పటాలు.

ఓడ ఆగిన ప్రతి రేవులోను ఇతడు ఒడ్డుకు లాగి ఉంచిన పడవల వద్దకు వెళ్ళి కొలతలు తీసుకొనేవాడు. ఒక్కొక్క పడవకు సాధారణంగా మూడు రకాల పటాలు తయారుచేసేవాడు. ప్రక్క నుండి చూస్తే కనిపించే ఆకారం ఒకటి, పై నుండి చూస్తే కనిపించే ఆకారం రెండవది, పడవను అడ్డంగా కోసినట్లు ఊహించి గీసిన వంపులు మూడవది. ఈ మూడూ ఉంటే, పడవను ఎన్నడూ చూడని వడ్రంగి కూడా దాని ఆకృతిని తిరిగి రాబట్టగలడు. వీటికి తోడు తెరచాప కొయ్యల ఎత్తు, తెరచాపల ఆకారం, తాళ్ళ అమరిక, చుక్కాని కట్టే విధానం, పలకలను కలిపే పద్ధతి మొదలైన వివరాలను వ్రాసుకొనేవాడు. పడవ నీటి మీద ఏ విధంగా నడుస్తుందో, సరంగులు దానిని ఏ విధంగా తిప్పుతారో కూడా గమనించేవాడు.

ఆ కాలపు ఐరోపావారిలో చాలామంది ఇటువంటి పడవలను అనాగరికుల పనితనమని తేలికగా చూచేవారు. పటాలు, లెక్కలు లేకుండా తరతరాల అనుభవంతో కట్టిన పడవలు వాటి వాటి తీరానికి, గాలికి, అక్కడ దొరికే కలపకు ఎంత చక్కగా అమరి ఉన్నాయో ఎడ్మండ్ పారిస్ గుర్తించాడు. ఒక నౌకానిర్మాణ సమస్యకు ఒక్కొక్క జాతి కనుగొన్న సమాధానంగా ప్రతి పడవనూ అతడు పరిశీలించాడు.

1843 నాటి గ్రంథం

మూడు యాత్రలలో సేకరించిన సామగ్రిని క్రోడీకరించి ఇతడు 1843 ప్రాంతంలో పారిస్ నగరంలో ఒక పెద్ద గ్రంథాన్ని వెలువరించాడు. దాని పేరుకు ఐరోపాయేతర జాతుల నౌకా నిర్మాణం గురించిన వ్యాసం అని అర్థం. వందకు పైగా పెద్ద పటాలతో కూడిన ఈ గ్రంథంలో అరేబియా, మలబారు, కోరమాండల్, బెంగాలు, మలయా ద్వీపాలు, చైనా, పసిఫిక్ దీవులు మొదలైన ప్రాంతాల పడవలు వర్ణించబడ్డాయి. భారతీయ పడవలపై ఇరవయ్యవ శతాబ్దంలో పరిశోధన చేసిన జేమ్స్ హార్నెల్ వంటి పండితులకు కూడా ఇది ప్రధాన ఆధారమయ్యింది.

ఆవిరి యుగంలో

ఎడ్మండ్ పారిస్ ఉద్యోగ జీవితం సరిగా తెరచాపల నుండి ఆవిరికి మారే కాలంలో సాగింది. 1840వ దశకంలో 'ఆర్షిమేద్' అనే ఆవిరి నౌకకు అధిపతిగా హిందూ మహాసముద్రం మీదుగా చైనా వరకు వెళ్ళి వచ్చాడు. బొన్‌ఫూ అనే అధికారితో కలిసి తెరచాప, ఆవిరి నౌకల పారిభాషిక పదాల నిఘంటువును తయారుచేశాడు. నౌకలలో ఆవిరి యంత్రాలను నడిపేవారి కొరకు, నౌకలను నడిపే మరచక్రాల (ప్రొపెల్లర్ల) గురించి గ్రంథాలు వ్రాశాడు. క్రిమియా యుద్ధ కాలంలో (1853–1856) 'ఫ్లెరూస్' నౌకకు అధిపతిగా ఉన్నాడు. 1858లో రియర్ అడ్మిరల్, 1864లో వైస్ అడ్మిరల్ అయ్యాడు. 1863లో ఫ్రెంచి విజ్ఞాన శాస్త్ర అకాడమీకి సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1864 నుండి నౌకాదళపు పటాల కార్యాలయానికి అధిపతిగా పనిచేశాడు. నౌకాధికారియైన తన కుమారుడు అర్మాన్‌తో కలిసి అలల కదలికను, ఓడ ఊగడాన్ని కాగితంపై నమోదు చేసే పరికరాలను కూడా రూపొందించాడు.

ఈ కాలంలో మార్పు ఎంత వేగంగా వచ్చిందో రెండు ఉదాహరణల వల్ల తెలుస్తుంది. మరచక్రంతో నడిచే ఆవిరి యుద్ధనౌక 'నెపోలియన్' ఫ్రాన్సులో 1850లో జలప్రవేశం చేసింది. ఉక్కు కవచం వలె ఇనుప పలకలను తొడిగిన మొదటి సముద్ర యుద్ధనౌక 'గ్లోయిర్' 1859లో జలప్రవేశం చేసింది. రెండు శతాబ్దాల పాటు సముద్రాలను ఏలిన కొయ్య యుద్ధనౌక పది సంవత్సరాలలో పాతబడిపోయింది. వాటిని విరిచి కలపకు అమ్మివేశారు. వాటిని కట్టిన వడ్రంగులు, తెరచాపలు కుట్టినవారు, తాళ్ళు అమర్చినవారు వృద్ధులై ఒక్కొక్కరే కనుమరుగు కాసాగారు. ఈ మార్పును తీసుకురావడంలో ఎడ్మండ్ పారిస్ పాత్ర కూడా ఉన్నది. బహుశా అందువల్లనే దాని వలన పోగొట్టుకొంటున్నదేమిటో అతనికి మిగిలినవారికంటే బాగా తెలిసి ఉండవచ్చును.

లూవ్ర్ నౌకా ప్రదర్శనశాల

ఫ్రెంచి నౌకా నమూనాల సేకరణకు పూర్వ చరిత్ర ఉన్నది. 1748లో ద్యుఅమెల్ ద్యు మోన్సో అనే శాస్త్రజ్ఞుడు తన ఓడల నమూనాలను రాజు పదిహేనవ లూయీకి సమర్పించాడు. నౌకా నిర్మాణం నేర్చుకొనే విద్యార్థుల కొరకు వాటిని లూవ్ర్‌లో ఉంచారు. 1827 డిసెంబరులో రాజు పదవ చార్లెస్ అక్కడే నౌకా ప్రదర్శనశాలను స్థాపించాడు. దీనికి అనుబంధంగా నమూనాలు తయారుచేసే, మరమ్మత్తు చేసే పనిశాల కూడా ఉండేది.

1871లో ఎడ్మండ్ పారిస్ ఈ ప్రదర్శనశాలకు అధిపతి అయ్యాడు. అప్పటికి ఫ్రాన్సు జర్మనీ చేతిలో ఓడిపోయి ఉన్నది. పారిస్ నగరం ముట్టడిని, అంతర్యుద్ధాన్ని చవిచూసింది. అరవై ఐదేళ్ళ వయస్సులో, ఇతరులు విశ్రాంతి తీసుకొనే సమయంలో, ఇతడు తన జీవితంలోని అత్యంత ఫలవంతమైన దశను ప్రారంభించాడు. ఇరవై రెండు సంవత్సరాలు ఆ పదవిలో ఉండి, ఆ పదవిలోనే మరణించాడు.

ఇతడు చేసిన ముఖ్యమైన పని, తన యౌవనంలో గీసిన పటాలను బయటకు తీసి, వాటి ఆధారంగా ఐరోపాయేతర పడవల కొయ్య నమూనాలను పనిశాలలో చేయించడం. ఈ విధంగా వందకు పైగా నమూనాలు తయారయ్యాయి. రాజుల యుద్ధనౌకల నమూనాలకు మాత్రమే చోటున్న రాజప్రాసాదంలో చేపలు పట్టేవారి తెప్పలకు, కుట్టిన పడవలకు కూడా స్థానం దొరికింది.

నమూనా నిర్మాణ విధానం

ఓడ నమూనా అనగా కేవలం ఓడ వలె కనిపించే బొమ్మ కాదు. ప్రతి భాగమూ అసలు ఓడలోని భాగానికి ఒకే నిష్పత్తిలో తగ్గి ఉండాలి. ఉదాహరణకు 1:48 నిష్పత్తి తీసుకుంటే, 60 మీటర్ల పొడవు గల యుద్ధనౌక నమూనాలో 1.25 మీటర్లు అవుతుంది. 48 మిల్లీమీటర్ల మందం గల తాడు 1 మిల్లీమీటరు దారం అవుతుంది. నమూనాలో తాడు కొంచెం లావైనా చూపరులకు వెంటనే తెలిసిపోతుంది.

తెరచాపల యుద్ధనౌక నమూనాను కట్టే క్రమం స్థూలంగా ఈ విధంగా ఉంటుంది.

* మొదట ఓడకు వెన్నెముక వంటి అడుగు దూలాన్ని అమర్చి, దాని ముందు కొసను, వెనుక కొసను నిలబెట్టుతారు.
* దానిపై పక్కటెముకల వంటి వంపు కొయ్యలను వరుసగా నిలుపుతారు. పటంలోని అడ్డకోత గీతలు ఇక్కడ ఉపయోగపడతాయి. ఒక్క కొయ్య వంపు తప్పినా పైన వేసే పలకలు సరిగా కూర్చోవు.
* వంపు కొయ్యల మీద సన్నని పలకలను ఒకదాని ప్రక్కన ఒకటి బిగిస్తారు. ఓడ ముందు భాగంలో పలకలు బాగా వంగవలసి ఉంటుంది గనుక వాటిని తడిపి, వేడి చేసి వంచుతారు.
* లోపల అంతస్తులు, ఫిరంగులు, ఫిరంగి ద్వారాలు, చుక్కాని, వెనుక భాగంలోని చెక్కడపు పని అమర్చుతారు.
* చివరకు తెరచాప కొయ్యలను నిలిపి తాళ్ళు కడతారు. పెద్ద యుద్ధనౌకకు వందల తాళ్ళు ఉంటాయి. ప్రతి తాటికి ఒక పేరు, ఒక పని, ఒక నిర్ణీత స్థానం ఉంటాయి.

కొండపల్లి బొమ్మల కొరకు మన కళాకారులు తేలికగా చెక్కుడుపడే తెల్ల పొణికి కర్రను ఎన్నుకొంటారు. ఓడ నమూనాలకు ఇందుకు భిన్నంగా, చిన్న భాగాలు కూడా అంచు విరగకుండా నిలిచే గట్టి, సన్నని పోగు గల కర్ర కావాలి. కర్రను ఎన్నుకోవడమే సగం పని అనే విషయంలో మాత్రం రెండు కళలూ ఒక్కటే.

'నౌకా స్మృతులు'

1882 నుండి ఎడ్మండ్ పారిస్ 'సువెనీర్ ద మరీన్' అనే సంపుటాలను ప్రచురించసాగాడు. ఈ పేరుకు నౌకా స్మృతులు అని అర్థం. ఇవి మొత్తం ఆరు సంపుటాలు. చివరిది ఇతని మరణానంతరం 1908లో వెలువడింది. ప్రాచీన, ఆధునిక నౌకలు, ఇంకా ఉన్నవి, నశించినవి, వీటన్నిటి పటాలూ ఇందులో చేర్చబడ్డాయి. నిర్మాణానికి కావలసిన అంకెలు కూడా ఇవ్వబడినట్లు గ్రంథం పూర్తి పేరులోనే ఉన్నది. దీనిని బట్టి ఇతడు పటాలను చూసి ఆనందించడానికి గాక, తిరిగి కట్టడానికే ప్రచురించాడని స్పష్టమవుతుంది.

పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి యుద్ధనౌక 'కురోన్', తెడ్లతో నడిచే రాజనౌక 'రెయాల్' మొదలైన వాటి పటాలు ఈ సంపుటాల ద్వారా ప్రపంచానికి అందాయి. తరువాతి కాలంలో అనేక దేశాలలో ఈ నౌకల నమూనాలు చేసినవారు, నమూనాల విడిభాగాలను తయారుచేసి అమ్మే సంస్థలు ఈ పటాలనే ఆధారంగా తీసుకొన్నారు. ఫ్రాన్సు పేరు తప్ప మరేమీ తెలియని పిల్లవాడు తన ఇంటి బల్ల మీద 'రెయాల్' నమూనాను అతికిస్తున్నాడంటే దాని వెనుక ఈ ఒంటి చేతి అడ్మిరల్ శ్రమ ఉన్నదని చెప్పవచ్చును.

తెలుగువారికి ఈ కృషి ప్రాధాన్యత

తెలుగు దేశానికి ప్రాచీనమైన సముద్ర వ్యాపార చరిత్ర ఉన్నది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు పదమూడవ శతాబ్దంలో మోటుపల్లి రేవుకు వచ్చే సముద్ర వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల కాలంలో పశ్చిమాసియా వరకు ప్రసిద్ధి పొందింది.

కాని ఆ ఓడలు ఎన్ని మూరలు ఉండేవి, వాటి వంపులు ఎట్లా ఉండేవి, తాళ్ళు ఎట్లా కట్టేవారు అనే ప్రశ్నలకు నాణెం గాని, శాసనం గాని సమాధానం చెప్పలేవు. మన ఓడల వడ్రంగులు పటాలు గీసి కట్టలేదు. వారి విద్య చేతిలోనూ, కంటిలోనూ ఉండేది. తండ్రి నుండి కొడుక్కి వచ్చేది. ఆ వరుస తెగిన చోట విద్య కూడా పోయింది. కొయ్య ఓడ సముద్రపు నీటిలో ఎంతో కాలం నిలవదు గనుక అసలు ఓడలూ మిగలలేదు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలలో చెక్క పడవల నిర్మాణం ఆ తరువాత కూడా కొనసాగినప్పటికీ, 1830 నాటి తెరచాప ఓడలు మాత్రం కనుమరుగయ్యాయి.

ఈ పరిస్థితిలో ఒక విదేశీ అధికారి కొలబద్ద పట్టుకొని గీసిన పటాలు మనకు విలువైనవి. నేడు కాకినాడ జిల్లాలో ఉన్న కోరంగిని చాలామంది మడ అడవుల అభయారణ్యంగానే ఎరుగుదురు. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారన్న విషయం, ఆ తీరంలో ఎటువంటి ఓడలు తిరిగేవన్న విషయం పాఠ్యపుస్తకాలకంటె ఈ పటాలలోనే స్పష్టంగా తెలుస్తుంది.

పరిమితులు

ఎడ్మండ్ పారిస్ కృషిలో కొన్ని లోటులు లేకపోలేదు. నమూనాలలో చాలా భాగం పడవలను చూచిన నలభై, యాభై సంవత్సరాల తరువాత, ఆ పడవలను ఎన్నడూ చూడని ఫ్రెంచి పనివారు పటాలను బట్టి చేసినవి. కుట్టు, ముడి, రంగు వంటి వివరాలలో పొరపాట్లు జరిగే అవకాశం ఉన్నది. నౌక ఆగిన కొద్ది రోజులలో కొలిచినవి గనుక ప్రతి ప్రాంతంలోని అన్ని రకాల పడవలూ ఇందులో లేవు. నమూనా పడవ ఆకృతిని నిలిపినదే కాని దానిని కట్టిన వడ్రంగి పేరును నిలపలేదు. ఈ యాత్రలు ఫ్రాన్సు తన వ్యాపార, సైనిక ప్రాబల్యాన్ని పెంచుకోవడానికి పంపినవన్న విషయం కూడా మరువరాదు. అయినప్పటికీ, ఇంతకంటె మెరుగైన ఆధారం లేని చోట పరిశోధకులకు ఇవే శరణ్యం.

మరణం, వారసత్వం

ఎడ్మండ్ పారిస్ 1893 ఏప్రిల్ 8న తన 87 ఏళ్ళ వయస్సులో పారిస్ నగరంలో మరణించాడు. అతడు పుట్టేనాటికి సముద్రం మీద తెరచాపలు తప్ప మరొకటి లేదు. మరణించేనాటికి నౌకాదళాలన్నీ ఉక్కు ఓడలతో నిండిపోయాయి.

నౌకా ప్రదర్శనశాల 1943లో లూవ్ర్ నుండి పారిస్ నగరంలోని షాయో ప్రాసాదానికి మారింది. 2010లో అక్కడ ఎడ్మండ్ పారిస్ చేయించిన ప్రపంచ పడవల నమూనాలతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేయబడింది. 2017లో మరమ్మత్తుల కొరకు మూసివేయబడిన ఈ ప్రదర్శనశాల 2023 నవంబరులో తిరిగి తెరువబడింది.

ముఖ్య రచనలు

* ఐరోపాయేతర జాతుల నౌకా నిర్మాణం (1843 ప్రాంతం)
* తెరచాప, ఆవిరి నౌకల నిఘంటువు (బొన్‌ఫూతో కలిసి, 1840వ దశకం చివర)
* నౌకలను నడిపే మరచక్రాల గురించిన గ్రంథం (1855)
* లూవ్ర్ నౌకా ప్రదర్శనశాల (1883)
* సువెనీర్ ద మరీన్, ఆరు సంపుటాలు (1882–1908)

ఇవి కూడా చూడండి

* కోరంగి
* యానాం
* మచిలీపట్నం
* మోటుపల్లి
* కొండపల్లి బొమ్మలు